నా గాట్లలో మిగిలిన పొడి

నేను ఒక పప్పుగుత్తిని. జానెడున్నర పిడి, గుప్పెడు తల, తల చుట్టూ ఆరు గాట్లు. కదిరిలో హుసేన్ పీరా అనే వడ్రంగి నన్ను వేపచెక్కతో చేశాడు. గాటు ఎంత లోతుంటే పప్పు అంత మెత్తగా నలుగుతుందని అతని నమ్మకం. అందుకే నాకు మిగతా గుత్తులకంటే లోతుగా చెక్కి, బొటనవేలితో తడిమి చూసుకుని మురిసిపోయాడు. ఆ లోతు వల్ల ఒక మనిషి తిండి పోతుందని అతనికీ తెలియదు, నాకూ తెలియదు.

తిరునాళ్లలో నన్ను కొన్నది ఓబుళమ్మ. ఇరవై రెండేళ్లు ఆమె చేతిలోనే ఉన్నాను. ఆమె ఎనిపిన పప్పు తిన్నవాళ్లు మెచ్చుకోకుండా లేచేవారు కాదు. ఆ మెప్పులో నాకూ వాటా ఉందనుకునేదాన్ని. మెప్పులో వాటా అడిగినవాళ్లు తప్పులోనూ తీసుకోవాలి కదా.

కోడలు హేమావతి అంగన్‌వాడీ టీచరు. కాపురానికి వచ్చిన ఆరేళ్లూ అందరితో పాటు అన్నీ తినేది. ఒకసారి విషజ్వరం వచ్చి తగ్గాక, ఆమె ఒంటికి ఒక్కొక్కటే పడకుండా పోయింది. గోధుమరొట్టె తింటే కడుపు నులిమేది. పాలు తాగితే వాంతి. వంకాయకు నోరంతా దురద. వేరుశనగైతే చెప్పనక్కరలేదు, పెదవులు వాచి ఒళ్లంతా దద్దుర్లు. అనంతపురం జిల్లాలో వేరుశనగ లేని వంటిల్లు ఎక్కడుంటుంది? చుట్టాలు తలా ఒక వైద్యం చెప్పారు. ఏ ఒక్కరి వైద్యమూ ఇంకొకరి వైద్యంతో కలవలేదు. ఓబుళమ్మ మాత్రం వైద్యం చెప్పలేదు. వంట తప్పించుకోవడానికి కోడలు వేషాలు వేస్తోందని బీడీలు చుట్టే ఆడవాళ్లందరి ముందూ నవ్వుతూ అనేసింది. ఆ మాట తిరిగి తిరిగి హేమావతి చెవిన పడింది.

చివరికి ఒక డాక్టరమ్మ దారి చూపింది. అన్నీ మానేసి అన్నం, సొరకాయతో మొదలుపెట్టమంది. నాలుగు రోజులకొకటి చొప్పున కలుపుకుంటూ, పడినది రాసుకొమ్మంది. హేమావతి నెల రోజులు సెలవు పెట్టి, తన వంట తానే వేరే గిన్నెలో వండుకుంది. పాత క్యాలెండరు వెనక రాసుకుంది: పెసరపప్పు పడింది. బీరకాయ పడింది. కొర్రన్నం పడింది. పెసరపప్పు పడిన రోజు ఆమె గిన్నె అడుగు వేలితో నాకింది. భయపడి పప్పు మానేసిన మూడు నెలల తర్వాత నోటికి ఆ రుచి తగిలింది మరి.

సెలవు అయిపోయాక ఆమె వంట ఓబుళమ్మ చేతికి వచ్చింది. ఓబుళమ్మ ముందు ఇంటిల్లిపాదికీ వంకాయ బజ్జి వండి, అందులో వేయించిన వేరుశనగ పొడి వేసి నాతో ఎనిపేది. నన్ను చెంబు నీళ్లలో ఒకసారి ముంచి, అదే చేత్తో కోడలి పెసరపప్పూ ఎనిపేది. నా గాట్లలో ఆ పొడి నిలవ ఉండేది. ఆ వారమే హేమావతి పెదవులు మళ్లీ వాచాయి. పెసరపప్పు కొట్టేసింది. బీరకాయలు మెత్తగా చేసి పెడితే మళ్లీ దద్దుర్లు. బీరకాయ కొట్టేసింది. తర్వాత నాతోనే ఎనిపిన కొర్రన్నమూ పోయింది. ఏ పాపం ఎరుగని తిండి ఒక్కొక్కటే ఆ కాగితం మీద గీతకింద పడుతుంటే, నేను గోడకు వేలాడుతూ చూశాను. నిన్న పడినది ఇవాళ పడకపోతే ఇక దేన్ని నమ్మాలని ఆమె మొగుణ్ణి అడిగింది. తన మనసే చెడిందేమోనని కూడా అంది. బస్సు కండక్టరు రామానుజులు ఆ కాగితం తీసుకుని మొదటినుంచి మళ్లీ చదివాడు.

ఒకనాడు ఓబుళమ్మ నన్ను ఎండలో పెట్టి, చీపురుపుల్లతో గాట్లు గీకింది. తెల్లగా పొడి రాలింది. వేలికి అద్దుకుని నాలుక మీద వేసుకుంది. వేరుశనగ రుచి తగలగానే చీపురుపుల్ల పడేసి, నన్ను కొంగులో చుట్టేసింది.

ఆరోజు నుంచి నన్ను పిండి డబ్బా వెనక దాచి, గరిటెతో వండింది. కానీ నోరు విప్పలేదు. చెబితే, అందరి ముందూ అన్న మాట తనకే తిరిగి తగులుతుందని భయం. ఎనిమిది రోజులు కోడలు అన్నం, సొరకాయ తప్ప ఇంకేమీ ముట్టలేదు. వడ్డిస్తూ ఓబుళమ్మ తల దించుకునేది. పెసరపప్పు మళ్లీ తినమనడానికి ఒక్క మాట చాలు. ఆ మాట ఆమె గొంతులో ఉంది. ఆ పొడి నా గాట్లలో ఉంది. మాకిద్దరికీ తెలుసు.

తొమ్మిదో రోజు పిల్లలకు గుడ్లు పంచుతూ హేమావతి కళ్లు తిరిగి పడిపోయింది. అక్కడి ఆయా రిక్షాలో ఇంటికి తెచ్చింది. నీళ్లు తాగి కాస్త తేరుకున్నాక, ఇక ఉద్యోగం మానేస్తానంది. అప్పుడు ఓబుళమ్మ డబ్బా వెనకనుంచి నన్ను తీసి కోడలి ఒళ్లో పెట్టింది.

"పెసరపప్పు నీకు పడ్తాది. బీరకాయా పడ్తాది. దీంట్లో చెనిక్కాయ పొడి ఉండె. నేనే సరిగ్గా కడగకపోతిని."

"ఎప్పుడు తెలిసె నీకు?"

"ఎనిమిది దినాలాయె."

హేమావతి నన్ను చేతిలోకి తీసుకుంది. నన్ను తిప్పి గాట్లలోకి చూసింది. ఆ చూపుకంటే పొయ్యి మంట నయమనిపించింది.

"కడగకపోవడం తెలియక చేసినావులే అత్తా. ఎనిమిది దినాలు మాత్రం తెలిసే చేస్తివి," అంది నెమ్మదిగా.

ఓబుళమ్మ నన్ను లాక్కుని పొయ్యిలో పెట్టబోయింది. హేమావతి ఆపింది. కట్టె ఏం తప్పు చేసిందని కాలుస్తావంది. తప్పు లేదని ఆమె అనడమే నాకు భారమైంది. కాలిపోయి ఉంటే ఇంత గుర్తు ఉండేది కాదు.

ఆ సాయంత్రం ఓబుళమ్మ బీడీల అరుగు దగ్గరికి వెళ్లి, తన కోడలు వేషాలు వేయలేదనీ తప్పు తనదేననీ చెప్పి వచ్చిందట. చెప్పిందాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోలేదట. వెక్కిరించినప్పుడు విన్నంత శ్రద్ధగా మనుషులు ఇలాంటివి వినరు. కొత్తగా ఒక గిన్నె, గరిటె, మూకుడు వచ్చాయి. వాటికి వేరే అర. కొట్టేసినవన్నీ మళ్లీ మొదటినుంచి, నాలుగు రోజులకొకటి. పెసరపప్పు పడింది. బీరకాయ, కొర్రలు పడ్డాయి. వాటి వెనకే మునగాకు, చిలగడదుంప వచ్చాయి. పాలు, గోధుమ, వంకాయ, వేరుశనగ ఇప్పటికీ రాలేదు. హేమావతి ఉద్యోగం మానలేదు. అయితే అత్తతో మునుపటిలా కబుర్లు చెప్పడమూ లేదు.

ఇప్పుడు నేను వంటింటి కిటికీ రెక్క పడకుండా అడ్డంగా ఉంటున్నాను. అక్కణ్ణుంచి అంతా కనిపిస్తుంది. కోడలు తింటున్నంతసేపూ ఓబుళమ్మ గోడకు ఆనుకుని నిలబడుతుంది. తిన్నాక కూడా అరగంట ఆ పెదవులవంకే చూస్తుంది. ఎలా ఉందని అడిగే ధైర్యం లేదు. ఏమీ కాలేదని తేలాకే తను తింటుంది. నాలుగు నెలలు ఇలాగే గడిచింది.

నిన్న మధ్యాహ్నం హేమావతి రెండు ముద్దలు తిని ఆగింది. ఇంకో కంచం తెచ్చి, తన గిన్నెలోని పెసరపప్పు అందులో వడ్డించి, పక్కకు జరిగింది.

"కూచ్చో అత్తా. నిలబడి చూస్తే నాకు ముద్ద దిగడంలేదు."

ఓబుళమ్మ చేతులు కడుక్కుంది. ఒకసారి కాదు, మూడుసార్లు. తర్వాత వచ్చి కూర్చుంది.