జాము కోసం ఐసు పొడిచిన అట్లకాడ

నేను ఒక అట్లకాడను. దోసెలు తిప్పే ఇనప అట్లకాడను. ఆ మాట వినగానే మీకు పొద్దుటి ఫలహారమూ, నూనె వాసనా గుర్తొచ్చి నోరూరుతుంటే ఆ సంబరం కాస్త కట్టిపెట్టండి. నేనిప్పుడు నర్సీపట్నం శివార్లలో ఒక పాత ఇనప కొట్టు వెనక, విరిగిన సైకిలు చక్రాల కింద పడి ఉన్నాను. మనుషులంటే నాకు ఒళ్ళు మంట. ఎందుకో చెబుతాను. ఓపిక ఉంటే వినండి, లేకపోతే మీ దారిన మీరు పొండి.

నన్ను చేసిన కమ్మరి మహా బద్ధకస్తుడు. ఏదో లారీ కింద నుంచి ఊడిపడిన ఇనప పట్టీని కొలిమిలో కాల్చి, సుత్తితో చచ్చేలా బాది నాకో రూపం తెచ్చాడు. ఒక మూల మరీ వాడిగా దిగింది. దాన్ని నాలుగుసార్లు ఆకురాయితో రాస్తే సరిపోయేది. రాయలేదు. చుట్ట కాల్చుకోవడానికి లేచిపోయాడు. ఆ మూల ఏం చేసిందో మీరే చూద్దురు గాని.

సంతలో నన్ను కొన్నది సన్యాసమ్మ. బక్కపలచని మనిషి, గొంతు మాత్రం వీధి చివరికి వినబడేది. ఆమెది అడ్డపొగ అలవాటు. అంటే చుట్ట వెలిగించి, నిప్పున్న కొసను నోటి లోపల పెట్టుకుని పీల్చడం. ఆ వైపు పెద్దతరం ఆడవాళ్ళు చాలామంది అలాగే కాల్చేవారు. పొయ్యిలోంచి నాతోనే నిప్పుకణిక తీసుకుని చుట్ట ముట్టించేది. నోట్లో ఆ నిప్పు ఉండగానే అందర్నీ తిట్టేది. ఎవరైనా పిల్లలు అల్లరి చేస్తే నన్ను ఎర్రగా కాల్చి చూపించి వాత పెడతానని బెదిరించేది. అట్లు తిప్పడానికి పుట్టినదాన్ని, పిల్లలు జడుసుకునే వస్తువునయ్యాను. అందుకామె నన్నడిగిందా? లేదు.

ఇద్దరు కొడుకులు, ఇద్దరు కోడళ్ళు ఆమెకు. పెద్దకోడలు నూకరత్నం, చిన్నకోడలు హేమసుందరి. పెద్దదాని ముందు చిన్నదాని అట్లు మెచ్చుకునేది. చిన్నదాని ముందు పెద్దదాని చేపల పులుసు మెచ్చుకునేది. ఇద్దరూ ఒకటైతే తన పెద్దరికం చెల్లదని ఆమె భయం. కోడళ్ళు కూడా ఏం తక్కువ తినలేదు. ఒకరంటే ఒకరికి పడదు గనక, అత్త దగ్గర మంచి అనిపించుకోవాలని పోటీ పడి వండేవారు. ముసలిదానికి కావలసింది కూడా అదే.

తర్వాత ఇంట్లోకి నల్లటి కొత్త పెనం వచ్చింది. నేను గీకితే దాని పూత లేచిపోతుందట! నా చోట ఒక చెక్క గరిటెను పెట్టి, నన్ను పాత ఫ్రిజ్జు మీదకి విసిరేశారు. ఐసు గడ్డ కట్టినప్పుడు డబ్బాలు పెకలించడానికి నేను. నిప్పుల్లో పుట్టిన నన్ను తీసుకెళ్ళి మంచులో పొడిపించారు. ఇంతకన్నా అవమానం ఏముంటుంది?

ఇంతలో సన్యాసమ్మ అంగిట్లో పుండు లేచింది. విశాఖ ఆసుపత్రికి తిప్పి కరెంటు, అదే రేడియేషను, పెట్టించారు. పుండు మాడింది గానీ నోరంతా పచ్చిపుండయింది. ఉప్పు తగిలినా, కారం తగిలినా, గోరువెచ్చని గంజి తగిలినా కళ్ళనీళ్ళు పెట్టుకునేది. వీధి చివరికి వినబడే గొంతు పక్కగదికి కూడా వినబడకుండా పోయింది. రోజురోజుకీ మనిషి చీపురుపుల్లలా అయిపోయింది. ఏదో ఒకటి లోపలికి పోకపోతే దక్కదని అందరికీ తెలుసు.

అప్పుడు హేమసుందరి తమ్ముడు లంబసింగి నుంచి స్ట్రాబెర్రీలు తెచ్చాడు. పండు అలాగే పెడితే పులుపు తగిలి ముసలిది మొహం తిప్పేసుకుంది. హేమసుందరి ఫోనులో ఏదో చూసి, పొయ్యి మీద పెట్టకుండా చేసే జాము చేస్తానంది. నూకరత్నం గడపలో నిలబడి మూతి తిప్పింది.

"పొయ్యెక్కని జామేటే? రెండ్రోజులకి బూజు పట్టీసి కూకుంటాది."

"ఉడకబెడితే పండు వాసన పోద్దక్కా. ఫ్రీజరులో ఎడితే ఏసవంతా ఉంటాది, సూడు."

పండ్లు కడిగి, తొడిమలు తుంచి, పప్పుగుత్తితో మెదిపింది. పంచదార పోసి, పలుకు తగలకుండా కరిగేదాకా పక్కన పెట్టింది. జాము గట్టిపడటానికి చైనా గ్రాసు అనే పీచు కొద్దినీళ్ళలో మరిగించి కలిపింది. ఫోనులో నిమ్మరసం పిండమన్నారట, అత్త నోరు మండుతుందని పిండలేదు. చిన్నచిన్న ప్లాస్టిక్ డబ్బాల్లో పోసి, పైన ఒక వేలు వెడల్పు ఖాళీ వదిలింది. గడ్డకడితే పొంగుతుంది కదా, అందుకు.

అదే నూకరత్నానికి నచ్చలేదు. ఆవకాయ జాడీల్లో గాలి చొరకుండా అంచుదాకా కూరి అలవాటైన మనిషి. చిన్నదాని వీపు తిరగ్గానే "పని రాని గుంట" అని గొణుక్కుంటూ, ఒక డబ్బాలోది తీసి మిగతావన్నీ అంచులదాకా నింపేసింది. మర్నాటికి జాము పొంగి, మూతలు లేచి, ఎర్రటి పాకం ఫ్రీజరు అడుగున కారి గడ్డకట్టింది. దాని మీద ఐసు పేరుకుంది.

అయినా ముసలిది తింది. మొదటి చెంచా నోట్లో పెడితే మొహం చిట్లించలేదు. కళ్ళు మూసుకుని చప్పరించి, మళ్ళీ నోరు తెరిచింది. అక్కణ్ణుంచి చూడాలి కోడళ్ళ పోటీ! పొద్దున్నే ఫ్రీజరు తలుపు ఎవరు ముందు తీస్తారా అని ఒకరినొకరు కాచుకునేవారు. ఆ పంతాల పుణ్యాన ముసలిదాని బుగ్గలకు కాస్త కండ పట్టింది.

ఎండలు ముదిరాయి. పైడబ్బాలు అయిపోయాయి. అడుగున మిగిలినవి ఐసులో కూరుకుని కదలనన్నాయి. ఒక మధ్యాహ్నం పెరట్లో కుళాయి దగ్గర ఇద్దరూ లంకించుకున్నారు. నువ్వు అంచుదాకా నింపబట్టే అంటుకుపోయాయని చిన్నది. నువ్వు ఐసు కరిగించకపోబట్టేనని పెద్దది. లోపల ముసలిది ఆకలితో పిలిచింది. ఎవరికీ వినబడలేదు. మళ్ళీ పిలిచింది. ఆఖరికి గోడ పట్టుకుని లేచి, ఫ్రిజ్జు మీదున్న నన్ను అందుకుంది.

ఒంట్లో సత్తువ లేకపోయినా పొడవడంలో కసి ఉంది. ఒక్కసారి, ఇంకోసారి. మూడోపోటుకి నా వాడిమూల ఐసు దాటి, దాని వెనకున్న రేకులోకి దిగింది. బుస్సుమంది. ఫ్రిజ్జు ప్రాణం గాలిలో కలిసిపోయింది. సన్యాసమ్మ నన్ను గబగబా యథాస్థానంలో పెట్టి, చాప మీద పడుకుని కళ్ళు మూసుకుంది.

బాగుచేసేవాడు వచ్చి, ఎవరో పొడిచారు, గ్యాసంతా పోయింది, ఇక దీన్ని పారేసుకోవడమే అన్నాడు. నువ్వే అంటే నువ్వే అని కోడళ్ళు జుట్లు పట్టుకునేదాకా వెళ్ళారు. కొడుకులిద్దరూ చొక్కాలు తగిలించుకుని బయటికి జారుకున్నారు. జాము కరిగి, నురగలు కట్టి పులిసిపోయింది. మర్నాడే ఆ ఒక్క ఇంట్లో వేరువేరుగా రెండు పొయ్యిలు వెలిగాయి.

తప్పు తనదని ముసలిది ఒక్కమాట అంటే సరిపోయేది. అంటే ఇద్దరూ కలిసి తన మీద పడతారు. జీవితమంతా ఏది జరక్కూడదని చూసుకుందో అదే జరుగుతుంది. నోరు మెదపలేదు. కోడళ్ళు ఇప్పుడు పోటీ కూడా మానేశారు. గంజిగిన్నె ఒకరు తెచ్చి చాప పక్కన పెట్టి పోతారు, ఇంకొకరు అటు తొంగిచూడరు. పక్కన కూర్చుని చల్లార్చి పెట్టేవాళ్ళు లేరు. ముసలిది గిన్నె ముట్టుకోవడం మానేసింది. మళ్ళీ చీపురుపుల్ల అయింది.

పాత సామాన్లవాడు తోపుడుబండి తెచ్చిన రోజు ఫ్రిజ్జును పైకెక్కించారు. అరుగుకి ఈ చివర నూకరత్నం, ఆ చివర హేమసుందరి. ఇద్దరూ మొహాలు చూసుకోలేదు. ఆ ఎడం గడపలోంచి చూసి, సన్యాసమ్మ నన్ను పట్టుకుని తూలుతూ వచ్చింది. బండి పక్కన నిలబడి, ఫ్రిజ్జు తలుపు తీసి, నా మూలను ఆ కన్నంలో పెట్టింది. సరిగ్గా సరిపోయింది.

"నానే," అంది. ఎండిపోయిన గొంతుతో ఆ ఒక్కమాటే.

నూకరత్నం అరుపుతో బండివాడు కూడా బెదిరాడు.

"నువ్వా అత్తా! ఇన్నాళ్ళూ మేం కొట్టుకు సత్తంటే సూత్తా పడుకున్నావా?"

"నీ వల్ల అక్కని అనరాని మాటలన్నీ అన్నాను కదత్తా!" అని హేమసుందరి అటునుంచి అందుకుంది. "పైగా తిండి మానీసి సచ్చిపోదామనుకున్నావేటి?"

"సావనిత్తామేటి మేము? కూకో! ఒలే సుందరీ, ఆ గంజి సల్లార్చి తే."

"తెత్తన్నానక్కా. నువ్వు లేవనీకు ఆవిణ్ణి."

ఒకరు రెక్క పట్టుకుని అరుగు మీద కూలేశారు. ఒకరు గిన్నె తెచ్చి చెంచా ముంచారు. "తెరు నోరు!" అని ఇద్దరూ ఒకేసారి గద్దించారు. ముసలిది బుద్ధిగా నోరు తెరిచింది.

బండివాడు నన్ను ఆమె పక్కనుంచి తీసి ఫ్రిజ్జులోకి విసిరి, తలుపు వేసి బండి తోశాడు. ఆ ముగ్గురిలో ఒక్కరూ నన్ను వెనక్కి అడగలేదు. సందు మలుపు తిరిగేదాకా కోడళ్ళిద్దరి తిట్లు వినబడుతూనే ఉన్నాయి. తలుపు సందులోంచి చూశాను. ముసలిది ఏడుస్తూ మింగుతూనే ఉంది.