ఠ ఎవరి కోసం

పేపర్లో ఫొటో చూడగానే నీలకంఠం ముందు మురిసిపోయాడు. అబద్ధమెందుకు, నిజంగానే మురిసిపోయాడు. ఫొటోలో ఉన్నది వాళ్ళ మిషనే మరి. అదే చెక్కపెట్టె, పక్కన అదే టేప్ రికార్డరు, అదే బ్లాక్ అండ్ వైట్ టీవీ. వెనక చేతులు కట్టుకుని దేవదానం. తర్వాత కళ్ళజోడు పెట్టుకుని కింద రాసింది చదివాడు. వన్ టౌన్ రేడియో మెకానిక్ దేవదానం ముప్పై ఎనిమిదేళ్ళ కిందట ఒంటిచేత్తో తయారుచేసిన తెలుగు కంప్యూటరట అది.

"ఒంటిచేత్తోనట" అన్నాడు భార్యతో.

"మరి మీ పేరేదీ?" అంది చిలకమ్మ.

"పేపరోళ్ళు కొట్టీసుంటారు. ఆడు సెప్పకుండా ఉంటాడేటి?"

అనైతే అన్నాడు గానీ, ఆ పూట అన్నం సరిగ్గా తినలేదు.

ఎనభై ఏడులో నీలకంఠం స్టీలు ప్లాంటులో కొత్తగా చేరాడు. దేవదానానికి వన్ టౌన్ సందులో రేడియో రిపేరు కొట్టు. ఆదివారం చర్చి నుంచి రాగానే దేవదానం షట్టరు సగం దించి కూర్చుంటే, నీలకంఠం కూర్మన్నపాలెంలో బస్సెక్కి వచ్చీసేవాడు. చిప్పులు మద్రాసు నుంచి పోస్టులో వచ్చేవి. టంకం పెట్టడం దేవదానం పని, అక్షరాలు నీలకంఠం పని. గళ్ళ పుస్తకంలో ఒక్కో అక్షరానికి అడ్డం ఎనిమిది గళ్ళు, నిలువు ఎనిమిది. ఏ గడి వెలగాలో, ఏది ఖాళీగా ఉండాలో పెన్సిలుతో నింపేవాడు. ఒక్క 'క' కుదరడానికే రెండు ఆదివారాలు పట్టింది. 'అ' అయితే నెల్లాళ్ళు తినేసింది. మన నీలకంఠం చేతిరాత కోడి కెలికినట్టు ఉంటుంది గనక, గళ్ళ పక్కన వివరాలు రాసేది మాత్రం దేవదానమే.

మెమరీ చిప్పులో చోటు ఎంతని? ఙ, ఞ, ఱ ఎవడిక్కావాలని ముందే తీసేసారు. ఝ కూడా పోయింది. ఆఖరికి ఒక్క అక్షరానికే చోటు మిగిలింది. ఢ ఉండాలా, ఠ ఉండాలా?

"ఢ ఉంచీ బావా, ఢిల్లీ అని రాయాల గదా" అన్నాడు నీలకంఠం. చుట్టరికమేమీ లేకపోయినా ఇద్దరూ బావా అనే పిలుచుకునేవారు.

"ఢిల్లీ పోతే పోనీ. మా బావ పేరు రాని మిషను నాకెందుకు?" అని దేవదానం పుస్తకం లాక్కుని, ఠ పక్కన ఒక మాట రాసి సంతకం కూడా పెట్టాడు.

ఆ సాయంత్రం టీవీ మీద రెండు పేర్లు వెలిగాయి. పైన దేవదానం, కింద నీలకంఠం. మిషను ప్రోగ్రామంతా దాచింది క్యాసెట్టు టేపులోనే గనక, ఆ తర్వాత ఎప్పుడు టేపు ఎక్కించినా ముందు ఆ రెండు పేర్లే వచ్చేవి.

ఆ మిషన్ని ఒక ఇంజనీరింగ్ కాలేజీలో ప్రదర్శనకి పెడుతున్నారని కూడా పేపర్లో ఉంది. నీలకంఠం ఇస్త్రీ చొక్కా వేసుకుని, గళ్ళ పుస్తకం గుడ్డసంచిలో పెట్టుకుని వెళ్ళాడు. పుస్తకం చూపించి పేరు అడిగి తీసుకోవడానికి కాదు. దేవదానం తన నోటితో ఒక్కసారి చెప్తే చాలు, అప్పుడు ఇద్దరూ కలిసి పిల్లలకి చూపించొచ్చని.

తెర మీద దేవదానం అని ఉంది. కింద వరస ఖాళీ.

నీలకంఠాన్ని చూడగానే దేవదానం మొహం ఒక్క క్షణం పాలిపోయింది. వెంటనే సర్దుకున్నాడు. "రండి, రండి. వీరు నీలకంఠం గారు, నా పాత స్నేహితులు. నేను పని చేసుకుంటుంటే పాపం టీలు తెచ్చిపెట్టేవారు" అని చుట్టూ ఉన్న పిల్లలకి చెప్పాడు.

బావా అన్న పిలుపు లేదు, నేనుని 'నాను' అనే యాసా లేదు. ఇన్నేళ్ళలో వాడి నోట 'గారు' వినడం అదే మొదలు. పైగా టీలు తెచ్చిన మాట నిజమే. ఎదురు కొట్లోంచి ఎన్ని ఆదివారాలు తెచ్చాడో లెక్కలేదు. అందుకే నీలకంఠానికి ఒళ్ళు మండిపోయింది.

దేవిశ్రీ అనే స్టూడెంటు మీటలన్నీ నొక్కి చూసి అడిగింది. "సార్, ఢ లేదు, ఝ లేదు. మరి ఠ ఒక్కటీ ఎందుకుంచారు?"

నీలకంఠం ఒకడుగు ముందుకొచ్చాడు. ఇప్పుడైనా చెప్పక ఛస్తాడా అనుకున్నాడు.

"పాఠం అని రాయాలి కదమ్మా" అన్నాడు దేవదానం. "పిల్లల చదువు కోసమే కదా నేను దీన్ని చేసింది."

తడుముకోలేదు, నసగలేదు. ఎప్పుడో తయారుచేసి పెట్టుకున్న జవాబు. పిల్లలు చప్పట్లు కొట్టారు. నీలకంఠం చెయ్యి సంచిలో పుస్తకం మీదే ఉండిపోయింది. ఇంతమందిలో వాడి పరువు తీయడానికి, ఛీ, అప్పటికీ మనసు రాలేదు. వెనక్కి తిరిగి వచ్చేసాడు.

గేటు దగ్గర దేవదానం ఆయాసపడుతూ వచ్చి పట్టుకున్నాడు. "బావా, ఏటనుకోకు. ఒక్కడివే సేసినావా అని పేపరోడు అడిగినాడు, ఊఁ అనీసినాను. ఇప్పుడు ఈళ్ళు సన్మానమంటన్నారు. ఎలా మార్సీమంటావు?"

"తెర మీద నా పేరు కూడా పేపరోడే తీసినాడా?"

ఆ పేరు తీయాలంటే టేపు ఎక్కించాలి, ఆ వరస వెతికి చెరపాలి, మళ్ళీ టేపులోకి ఎక్కించాలి. గంట పని. పొరపాటున అయ్యేది కాదు. అది వాళ్ళిద్దరికీ తెలుసు.

"ఠ ఎవరి కోసం పెట్టినాం?" అన్నాడు నీలకంఠం.

"నీ కోసమే బావా. నాకు తెల్దేటి?"

"అయితే రా. ఆ మాటే లోపలికొచ్చి ఆ పిల్లకి సెప్పు."

దేవదానం హాలు వైపు చూసాడు. లోపల మైకులో వాడి పేరు పిలుస్తున్నారు. "ఇంకోసారి సెప్తాన్లే బావా" అని చెయ్యి వదిలేసి, చొక్కా సర్దుకుంటూ వెళ్ళిపోయాడు.

బస్సులో కిటికీ పక్కన కూర్చుని నీలకంఠం పుస్తకం తెరిచాడు. ఠ పక్కన గుండ్రటి దేవదానం రాత అలాగే ఉంది. 'ఇది మా బావది. దీన్ని ఎవడు తీసినా ఊరుకోను.'

ఇంటికొచ్చేసరికి చిలకమ్మ గుమ్మంలోనే ఉంది. "సెప్పినాడా?"

నీలకంఠం చెప్పులు విప్పి గోడ పక్కన పెట్టాడు.

"మాట మీదే ఉన్నాడే" అన్నాడు. "అక్షరం తియ్యనేదు. నన్నే తీసీసినాడు."