స్పాంజి దాచిన దరఖాస్తు

"ఓ రిపేరూ! ఉన్నపళంగా రావయ్యా! మా కోడలి ప్రింటరు కళ్లెర్రజేసింది!"

అత్తగారి కేక వీధి చివరి మలుపు దాకా వినబడింది. ఆవిడ గొంతు అలాంటిది మరి, మైకు పెడితే మైకే సిగ్గుపడుతుంది.

షాపులో ఆ కోడలు, ప్రింట్లక్క, తల పట్టుకుని కూర్చుంది. వీధి వీధంతా ఆమెకి పెట్టిన పేరది. ప్రింటరు మీద రెండు ఎర్ర లైట్లు టకటకా కొట్టుకుంటున్నాయి. ఎదురుగా గోడ మీద కాగితం, చూడొద్దనుకున్నా కనబడుతోంది: సిటీ బస్సు డ్రైవర్లు కావలెను, ఈ రోజే ఆఖరు, మధ్యాహ్నం ఒంటిగంట వరకే. వారం రోజులుగా ఊరందరి దరఖాస్తులూ అచ్చేసి ఇచ్చింది తనే. తన దరఖాస్తు మాత్రం మూడేళ్లుగా కంప్యూటర్లోనే మగ్గుతోంది. నాన్న లారీ మీద నేర్చిన చెయ్యి, పెట్టెలో భద్రంగా లైసెన్సు, అన్నీ ఉన్నాయి. ఈ ఏడు పోతే వయసు దాటిపోతుంది.

మరెందుకు వెయ్యలేదంటారా? భయమండీ, భయం! ప్రింటు నొక్కబోతుంది, "అక్షరాల్లో గీతలొస్తాయేమో" అనుకుంటుంది, సిరా పోసి ప్రింటరు మూతి కడిగే హెడ్ క్లీనింగ్ నొక్కేస్తుంది. మళ్లీ ప్రింటు దాకా వెళ్తుంది, మళ్లీ క్లీనింగ్. ఈ ఒక్క పొద్దున్నే ఐదుసార్లు.

రిపేరు బాబాయి వ్యాను దిగి, లైట్లు చూసి నవ్వాడు.

"ఎన్నిసార్లు కడిగావే తల్లీ దీన్ని?"

"ఏదో, అప్పుడప్పుడు, బాబాయ్."

"అప్పుడప్పుడా! కడిగిన సిరా ఆకాశంలోకి పోతుందనుకున్నావా? అడుగున స్పాంజి ఉంటుంది, అది తాగుతుంది. ఎంత తాగిందో మెషీను లెక్కెట్టుకుంటుంది. పొట్ట నిండిందా, ఇదిగో, ఇలా మొండికేస్తుంది."

కింది మూత ఊడదీసి, ఆ వీధి అలవాటు ప్రకారం నేల మీద తెల్లకాగితం పరిచాడు. వాడకుండా పారబోసిన సిరాకి కడుపులో మాట దాగదు కదా. పోయినేడు కిరాణా ఆయన ప్రింటరు స్పాంజి, బావమరిదికి ఆయన చెప్పలేక మింగేసిన క్షమాపణ మొత్తం కక్కింది. రెండు పేజీలు, ఒక్క తప్పు లేకుండా!

స్పాంజి బయటికొచ్చింది, నల్లగా, తడిసిన పరుపంత బరువుగా. ఒక చుక్క పడింది. చుక్క సాగి గీతైంది, గీత విరిగి అక్షరాలయ్యాయి. వరసలు వరసలుగా దరఖాస్తు పరుచుకుంది. పై మూల గడిలో పసుపూ నీలమూ గులాబీ కలిసి ప్రింట్లక్క మొహం కూడా తేలింది.

అత్తగారు కళ్లజోడు సర్దుకుని చదివి, గుడ్లు తేలేసింది. "ఇది నీదేనటే! మూడేళ్లుగా నాకు చెప్పకుండా స్పాంజికి చెప్పుకున్నావా?"

"మీరేమంటారోనని, అత్తయ్యా..."

"ఏమంటాను? నీ మొదటి బస్సులో ముందు సీటు నాదంటాను!"

సంతకం చోటు మాత్రం ఖాళీ. అది స్పాంజి పని కాదుగా. ప్రింట్లక్క పెన్ను తీసింది. సంతకం పెట్టేసింది.

గడియారం పన్నెండూ ముప్పై ఐదు. బాబాయి వ్యాను తాళాలు విసిరాడు. "నువ్వే నడుపు. నేను నడిపితే సాయంత్రానికి చేరతాం."

ఇక చూడాలి! గేరు మారింది, సందు మారింది, బాబాయి రెండు చేతులా సీటు పట్టుకుని "అమ్మో, భలే!" "భలే, అమ్మో!" అంటూనే ఉన్నాడు. బస్సుల డిపోలో, రెండు బస్సుల మధ్య అరచెయ్యంత ఖాళీలోకి వ్యానుని ఒక్క ఊపులో వెనక్కి దూర్చింది.

దరఖాస్తులు తీసుకునే కిటికీ వెనక గుమాస్తా షట్టరు దించబోతూ అది చూసి ఆగిపోయాడు. దరఖాస్తు అందుకుని, "తడి ఆరలేదేంటమ్మా?" అన్నాడు.

"ఇప్పుడే బయటికొచ్చిందండీ."

ఠప్పున ముద్ర పడింది. "రేపు పొద్దున్న డ్రైవింగు పరీక్ష. ఇందాకటిలా తిప్పారంటే చాలు."

ఇల్లు చేరేసరికి రెండున్నర. ప్రింట్లక్క మొగుడు వండిపెట్టిన గిన్నెలు మూత తియ్యకుండా అలాగే ఉన్నాయి, ఆమె వచ్చేదాకా ఒక్కరూ ముద్ద ముట్టలేదు. బాబాయి కొత్త స్పాంజి బిగించి వచ్చి, "ఇక ఊరికే కడక్కు తల్లీ" అన్నాడు.

"ఇక దాచడానికేముంది, బాబాయ్!"

ఎంత రుద్దినా ప్రింట్లక్క వేలికంటిన దరఖాస్తు సిరా వదల్లేదు. అలాగే కంచం ముందుకొచ్చింది. అత్తగారు మాత్రం అందరికంటే ముందున్న కుర్చీ లాక్కుని, "ఇది నాదే, ఇప్పట్నుంచే అలవాటు చేసుకుంటున్నా" అంటూ చతికిలబడింది. ఆమె వెనకే అందరూ కూర్చున్నారు.