పెద్ద సిస్టర్ కొట్టిన టిక్కులు

"మీ అమ్మాయికి ఇక్కడ ఏ లోటూ లేదమ్మా. తనే రాసిచ్చింది, చూసుకో!"

ఆస్పత్రి సూపరింటెండెంటు ఆ కాగితాన్ని బుల్లి సిస్టర్ తల్లి ముఖం ముందు ఆడించాడు. ఉద్యోగ తృప్తి సర్వే. మాస్కులు సరిపోతున్నాయా? టిక్కు. విశ్రాంతి దొరుకుతోందా? టిక్కు. పిల్ల పోయి తొమ్మిది రోజులు. ఆ మాయదారి జ్వరం రోగుల దగ్గరే అంటుకుందని, డ్యూటీలోనే పోయిందని ఒక్క ముక్క రాసిమ్మని వచ్చింది తల్లి.

గుమ్మంలో నిలబడ్డ పెద్ద సిస్టర్ ఆ కాగితాన్ని గుర్తుపట్టింది. ఆ టిక్కులు తనవి!

వార్డులో అదో అలవాటు. చేతులు ఖాళీ లేకపోతే అందరి చార్టులూ ఒకరే నింపేస్తారు. ఆ రోజూ అంతే. ఫారాలు, ఫారాలని ఆఫీసు అరుస్తుంటే ముప్ఫై ఒక్కటీ తనే ముందేసుకుంది. "సర్వే జనా సుఖినోభవంతు! సర్వేలో జనమంతా సుఖమేనట!" అంటూ టకటకా కొట్టేసింది. నాలుగు రోజులుగా ఒకే మాస్కుతో తిరుగుతున్న బుల్లి సిస్టర్, "నా తృప్తి కాస్త తగ్గించక్కా, దిష్టి తగులుతుంది" అని పకపకా నవ్వింది.

"అవి నేను కొట్టినవి సార్. సంతకాలూ నేనే గీకాను. ఆ తప్పు నాది. మాస్కులివ్వని తప్పు మీది."

"దొంగ సంతకాలా? జైలుకెళ్తావ్!"

తల్లి తలెత్తింది. "నువ్వా? అక్క, అక్క అని నీ మాటే చెప్పేది కదే..."



వెనక వరండా వార్డు వాళ్ళతో నిండిపోయింది. స్ట్రెచర్ తోసే తాత ముందుకు తోసుకొచ్చాడు. "నా ఫారం ఇటు పారెయ్యండి! సేవ చేస్తే శవాల్ని చేస్తారా? పైగా తృప్తంటారా?"

"పని ఆపేద్దాం!" అంది ఓ నర్సు.

"రోగులేం పాపం చేశారే?" ఆయమ్మ కసిరింది.

"మరి నోరు మూసుకుందామా?"

"నోరు తెరుద్దాం. వార్డు మూయొద్దు."

అరుచుకున్నారు, ఏడ్చారు, తేల్చుకున్నారు: ఒక షిఫ్టు మంచాల దగ్గర, ఒక షిఫ్టు గేటు దగ్గర ధర్నాలో. బతికున్న ముప్ఫై మందీ ఎవరిది వాళ్ళే రాశారు: "మాస్కులు లేవు. బుల్లి సిస్టర్ డ్యూటీలో పోయింది." తాత వేలిముద్ర వేశాడు.

పోలీసులు వచ్చి పెద్ద సిస్టర్‌ని జీపెక్కిస్తుంటే ఓ నర్సు పరిగెత్తింది. "హ్యాండోవర్ ఇవ్వకుండా, మంచాలు అప్పజెప్పకుండా పోతావా అక్కా?"

"మూడో మంచం ముసలమ్మకి ఆక్సిజన్ తగ్గించకు. కిటికీ పక్కాయనకి ఆయాసం, పడుకోబెట్టకు. ఈ అమ్మ చేతికి కాగితం వచ్చేదాకా గేటు వదలకు."

జీపు కదిలింది. గేటు దగ్గర కూర్చున్నవాళ్ళ మధ్యకి తల్లి నడిచొచ్చింది.

"కాస్త జరగండమ్మా," అంది. "నా పిల్ల షిఫ్టు నేను చేస్తాను."