పాత మీటల అధ్యాయం

అస్కలే ఎర్ర మిరపకాయలకు తొడిమలు తీస్తోంది. వానలు తెరిపిచ్చి ఎన్నాళ్లో కాలేదు. చాప మీద పోసిన కాయలు పైకి ఎండినట్టే కనిపిస్తున్నా లోపల ఇంకా మెత్తగానే ఉన్నాయి. ఒక్కోదాన్ని చీల్చి, గింజలు దులిపి, బూజు పట్టినదాన్ని పక్కన పడేస్తోంది. వేళ్లు అప్పటికే భగ్గుమంటున్నాయి. ఈ పని అయిపోతే కంప్యూటరు ముందు కూర్చోవాలి. అందుకని ఎంత నిదానంగా చేయవచ్చో అంత నిదానంగా చేస్తోంది.

పక్కింటి తవాబెచ్ వచ్చి పీట లాక్కుని కూర్చుంది. ఈ ఇంట్లో పెళ్లి జరిగినా, చావు జరిగినా కారం దంచింది ఆవిడే. కాసేపు చూసి, "తొడిమలు తీస్తున్నావా, ఒక్కోదాన్నీ కుశలం అడుగుతున్నావా?" అని గుప్పెడు కాయలు తన ఒళ్లోకి తీసుకుంది. అస్కలే నవ్వి ఊరుకుంది. తనకోసం ఏం పని కాచుకుని ఉందో ఆవిడకు చెప్పినా అర్థం కాదు, చెప్పాలనీ లేదు.

అస్కలే ఒక పుస్తకం రాస్తుంది. కంప్యూటరులో తమ భాష అమ్హారిక్‌ను రాసుకోవడానికి 'మెకా' అనే ప్రోగ్రాము ఉంది. కొంతమంది అడిస్ అబాబాలో, కొంతమంది వేరే దేశాల్లో ఉండి, జీతం లేకుండా దాన్ని తయారుచేస్తూ వచ్చారు. దాన్ని ఎలా వాడాలో చెప్పే పుస్తకం అస్కలేది. ప్రోగ్రాము మారినప్పుడల్లా పుస్తకంలో ఆ ముక్క మారుస్తుంది. ఆమెను ఈ పనిలోకి లాక్కొచ్చింది ఆమె అన్నయ్య ముసే. "ప్రోగ్రాము రాయడం ఎవడికైనా వస్తుంది. రానివాడికి విసుక్కోకుండా చెప్పడం నీకే వచ్చు" అనేవాడు.

పుస్తకంలో ఏడో అధ్యాయం మాత్రం ముసేదే. పాత టైపు మిషను మీద నేర్చుకున్న వేళ్ల కోసం రాసింది. ఆ మిషను మీద ముందు అక్షరం ఒళ్లు కొట్టాలి, తర్వాత దాని కాలో చెయ్యో వేరే మీటతో అతికించాలి. ఇప్పటి పిల్లలు అలా రాయరు. ఇంగ్లీషు మీటల మీద శబ్దం కొడితే అక్షరం మొత్తం దానంతటదే వచ్చేస్తుంది. వాళ్ల నాన్న దెమిస్సే కోర్టు ఆవరణలో బల్ల వేసుకుని, జుట్టు నల్లగా ఉన్నప్పటి నుంచి అర్జీలు టైపు చేస్తున్నాడు. రిబ్బన్లు దొరకడం మానేశాక, బాగుచేసేవాడూ పోయాక, మిషను మూలన పడింది. అప్పుడు ఒక వానాకాలమంతా తండ్రీ కొడుకులు పక్కపక్కన కూర్చున్నారు. తండ్రి ఉత్త బల్ల మీద వేళ్లాడించి ఏ వేలు ఎక్కడికి పోతుందో చూపించేవాడు. కొడుకు దాన్ని మెకాలో పెట్టేవాడు. చివరికి దెమిస్సే కంప్యూటరు ముందు కూర్చుని, కళ్లు మూసుకుని ఒక అర్జీ మొత్తం కొట్టాడు. ఒక్క తప్పు లేదు. ఆ తర్వాత వేరే ఊళ్ల కోర్టుల్లోని ముసలి టైపిస్టులు కూడా దాన్ని పట్టుకున్నారు.

కిడ్నీలు చెడి ముసే చనిపోయాక మెకాలో ఆ భాగాన్ని ముట్టుకునేవాళ్లు లేకపోయారు. రెండేళ్లు చూసి, పాత మీటల పద్ధతిని 2024 చివరి వరకే ఉంచుతామని మెకా పెద్దవాళ్లు ఇంగ్లీషులో ప్రకటన రాశారు. అస్కలే దాన్ని అమ్హారిక్‌లోకి మార్చి ఏడో అధ్యాయం మొదట్లో పెట్టింది. ఇప్పుడు ఆ గడువు దగ్గరికొచ్చింది, కొత్తగా వచ్చిన మెకాలో ఆ పద్ధతి లేదు. అధ్యాయం తీసేసి, దాని బదులు ఒక్క వాక్యం రాసివ్వమని నిన్న సాయంత్రం హైమనోత్ ఫోన్ చేశాడు. ముసేతో కలిసి చదువుకున్నవాడు, ఇప్పుడు మెకా పనులన్నీ చూసేది అతనే.

మధ్యాహ్నం దెమిస్సే భోజనానికి ఇంటికొచ్చాడు. కోటు విప్పకుండానే చాప పక్కన నిలబడి కాయలు చూశాడు.

"గాషే, ఇవాళ ఎంతమంది ఆడవాళ్లు మొగుళ్ల మీద అర్జీ రాయించారు?" అంది తవాబెచ్. పెద్ద మగవాళ్లను ఆవిడ గాషే అనే పిలుస్తుంది, వాళ్లు తనకన్నా చిన్నవాళ్లైనా సరే.

"పోయినేడాది మీరు మొదలుపెట్టిందే ఇంకా సాగుతోంది. కాగితం చాలక ఆగాను."

తవాబెచ్ కడుపు పట్టుకుని నవ్వింది. దెమిస్సే చేతులు కడుక్కుని వచ్చి, పళ్లెం ముందు కూర్చుని, కోర్టు కబుర్లు చెప్పుకొచ్చాడు. వచ్చే నెల నుంచి కిటికీ దగ్గర కాగితం తీసుకోరట. కొత్త మెకాలో రాసిన ఫైలైతేనే వాళ్ల కంప్యూటరు తెరుస్తుందట. టైపు బల్లలు కూడా మళ్లీ పంచుతున్నారు. వానల్లో టైపిస్టుల సంఘం కొత్త పద్ధతి నేర్పిందే, ఆ క్లాసు కాగితం ఉన్నవాళ్లకు ముందు. మిగిలినవాళ్లు కొత్త మెకాలో రాసి చూపించాలి.

అస్కలే తలెత్తకుండా అడిగింది. "మరి నువ్వు క్లాసుకు ఎందుకు వెళ్లలేదు నాన్నా? నీ పేరు ముందే రాశారు కదా."

"నా చోటు పక్క బల్ల కిదిస్త్‌కిచ్చాను. చంటిపిల్లతో తిప్పలు పడుతోంది, దానికి బతుకుతెరువు కావాలి. నాకెందుకు? కొత్త మెకా వేయించుకుని, మనవాడి మీటల మీదే కొట్టి చూపిస్తాను. అది ఇరవై నాలుగు దాకా ఉంటుందని నువ్వే రాశావుగా. ఇప్పుడు పదిహేడు. ఇంకా ఏడేళ్లుంది. అప్పటికి నా అర్జీ నేను పైనున్న ఆయనకే పెట్టుకుంటాను."

తవాబెచ్ మళ్లీ నవ్వింది. అస్కలే చేతిలోని కాయ అలాగే ఉండిపోయింది. పదిహేడు. మొన్ననే కొత్త సంవత్సరం వచ్చింది, పిల్లలు పసుపు పూలు పట్టుకుని ఇంటింటికీ తిరిగారు. ఇక్కడి ఏడాది లెక్క బయటి దేశాల లెక్క కన్నా ఏడెనిమిదేళ్లు వెనక ఉంటుంది. అది తెలియని మనిషి ఈ ఊళ్లో లేడు. ఇంగ్లీషులో ఉన్న అంకె వాళ్లది. ఆమె దాన్ని ఉన్నదున్నట్టు తెచ్చి అమ్హారిక్ వాక్యం మధ్యలో పెట్టింది, ఏ లెక్కో చెప్పే రెండక్షరాలు పక్కన చేర్చకుండా. అమ్హారిక్ చదివే మనిషి దాన్ని తన ఏడాదిగానే చదువుకుంటాడు.

క్లాసు వద్దనడం నాన్న పంతం అనుకుంది ఇన్నాళ్లూ. అడగలేదు. ముసే మాట వచ్చే దారులన్నిటినీ ఆ ఇంట్లో ఇద్దరూ తప్పించుకుని నడిచేవారు.

తవాబెచ్ లేచి వెళ్లగానే అస్కలే ఫోన్ తీసుకుని పెరట్లోకి వెళ్లింది. ఇంకొక్క ఏడాది ఆగగలరా అని హైమనోత్‌ను అడిగింది. సంగతి చెప్పింది.

"అస్కూ, నాకు మాత్రం ఇష్టమా? ముగ్గురం కూర్చుని చూశాం. లోపలంతా మారిపోయింది, ముసే రాసింది దాంతో కలవడం లేదు. కొన్నిచోట్ల ఒక అక్షరం కొడితే ఇంకోటి పడుతోంది. రేపు కోర్టు కాగితంలో ఒకడి పేరు ఇంకొకడి పేరైతే ఎవరు జవాబు చెబుతారు?"

అస్కలే పెరటి గోడకు ఆనుకుంది.

"పుస్తకంలో ఉంచితే జనం ఉందనుకుంటారు" అన్నాడతను మెల్లగా.

అది ఆమెకూ తెలుసు. లేనిదాన్ని ఉన్నట్టు చెప్పే పుస్తకం, పుస్తకం లేకపోవడం కన్నా చెడ్డది. కొత్తగా చేరిన కుర్రవాళ్లకు ఆ మాట నేర్పింది తనే.

లోపలికి వచ్చేసరికి దెమిస్సే చేతులు తుడుచుకుంటున్నాడు. అస్కలే గుమ్మంలోనే నిలబడి చెప్పింది.

"నాన్నా, ఆ ఇరవై నాలుగు మనది కాదు."

"ఎవరిది?"

"బయటివాళ్లది. మన లెక్కలో ఈ తహసాస్ నెలలోనే అయిపోతుంది."

ఆయన తువ్వాలును మడిచాడు. మడిచినదాన్ని విప్పి మళ్లీ మడిచాడు. అరుస్తాడేమో అనుకుంది. అరిస్తే బాగుండుననుకుంది.

"ఏడాది పక్కన ఏ లెక్కో రాయకపోతే గుమాస్తా అర్జీని మొహాన కొడతాడు" అన్నాడు చివరికి. "ఎంతమందికి చెప్పుంటానో ఆ మాట. రాసింది మనింటి పిల్లేనని, ఏ లెక్కో నేను అడగలేదు."

తర్వాత ఆయనే వెళ్లి కంప్యూటరు ముందు కూర్చున్నాడు. ఆ కొత్త పద్ధతేదో చూపించమన్నాడు. అస్కలే పాత మీటలు ఆపి కొత్తవి పెట్టింది. ఏ శబ్దానికి ఏ మీటో, రెండు కొడితే ఏమవుతుందో చెప్పింది. చిన్నపిల్లలకు చెప్పినట్టు కాకుండా చూసుకుంటూ చెప్పింది. ఆయన తలాడించాడు. అన్నీ అర్థమయ్యాయి. ప్రతి అర్జీకీ మొదట రాసే మాటలే కొట్టబోయాడు, గౌరవనీయ న్యాయస్థానానికి అని. కళ్లు కొత్త మీట కోసం వెతికేలోపే వేలు పాత చోటికి వెళ్లిపోయింది. తెర మీద అర్థం లేని అక్షరాలు పడ్డాయి. చెరిపాడు. ఒక్క వేలుతో, చూసుకుంటూ కొట్టాడు. మొదటి మాట వచ్చింది. రెండో మాట మధ్యలో మిగిలిన వేళ్లు లేచాయి. అవి ఆగలేదు, ఎప్పటి వేగంతోనే వరస మొత్తం కొట్టుకుంటూ పోయాయి. ఆ చప్పుడు వింటే ఎవరైనా పని నడుస్తోందనుకుంటారు. తెర మీద మాత్రం ఏ భాషా కానిదేదో వరసగా పేరుకుంటోంది.

కోర్టులో బల్లలు పంచేది వచ్చే సోమవారమే.

దెమిస్సే చేతులు తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. "వాడు రాసిన అధ్యాయం తెరువు, చూస్తాను" అన్నాడు.

అస్కలే ఏడో అధ్యాయం తెరిచింది. ఆయన అద్దాలు పెట్టుకుని మొదటి నుంచి చదివాడు. ఒకచోట ఆగాడు. సాధన కోసం ఇచ్చిన వాక్యం అది: 'మా పొరుగువాడి గాడిద మా శనగలు తిన్నది, న్యాయం చేయవలెను.' అది ఆయన బల్ల దగ్గరికి వచ్చిన నిజం అర్జీయే. ఇంట్లో చాలాకాలం నవ్వుకున్నారు. ఇప్పుడు నవ్వలేదు. చివరిదాకా చదివి అద్దాలు తీశాడు.

"కొత్తది ఏమని రాస్తావు?"

"ఈ వెర్షన్ నుంచి టైపు మిషను మీటల పద్ధతి లేదు అని."

"ఎప్పటి నుంచో రాయి. మన లెక్కలో రాయి. దెబ్రె మార్కోస్ కోర్టులో సైఫు ఉన్నాడు, జిమ్మా కోర్టులో ఇద్దరున్నారు. వాళ్లకూ ఇరవై నాలుగు దాకా అనే చెప్పాను."

ఆయన లేచి ఆమెకు కుర్చీ వదిలాడు. అస్కలే కూర్చుంది. వేళ్లలో కారం మంట ఇంకా పోలేదు. కొత్త వాక్యం రాసింది. పక్కన తహసాస్ నెల, ఏడాది, ఏ లెక్కో చెప్పే అక్షరాలు అన్నీ రాసింది. తర్వాత ఏడో అధ్యాయాన్ని మొదటి అక్షరం నుంచి చివరిదాకా పట్టుకుంది. తెర నీలంగా మారింది. నాన్న వెనకే నిలబడి ఉన్నాడు, ఆయన ఊపిరి వినిపిస్తోంది. ఒక్క మాటంటే ఆగిపోదామనుకుంది. ఆగి మాత్రం ఏం చేస్తుందో ఆమెకు తెలియదు.

ఆమె చెరిపే మీట నొక్కింది.

ఎనిమిదో అధ్యాయం పైకి జరిగి ఏడోదైంది. దాని వెనకవి కూడా ఒక్కో అంకె తగ్గించుకుని సర్దుకున్నాయి. విషయసూచిక దానంతటదే సరిపోయింది. ఎక్కడా ఖాళీ కనిపించలేదు.

దెమిస్సే ఆ అంకెల వైపు కాసేపు చూశాడు. కోటు గుండీలు పెట్టుకున్నాడు. మిరపకాయల చాపను తొక్కకుండా పక్కనుంచి నడిచి, రేకు తలుపు తీసుకుని బయటికి వెళ్లిపోయాడు.