పాలు పితకని ఉదయం

మేంగా ఎవరి ముందూ తల వంచుకుని మాట్లాడే మనిషి కాదు. ఆల్ప్స్ కొండల్లోని మా లోయలో పనిమనుషులందరం ఆమెను అక్కా అనే పిలిచేవాళ్లం. దొరోతేయా అమ్మగారింట్లో ఏళ్ల తరబడి వంటా పాడీ చూసుకుంది. ఆ శరదృతువులో, పనివాళ్లు కొలువులు మారే సెయింట్ మార్టిన్ పండగకు పని మానేసి కొండ అవతలి సత్రంలో చేరతానని చెప్పేసింది. అమ్మగారికి చెంప మీద కొట్టినట్టయింది.

పండగ రాకముందే అమ్మగారి కూతురు నేసాకు జ్వరం తగిలి ఎడమకాలు ముడుచుకుపోయింది. ఆ పిల్ల జ్వరంలో మేంగా పేరే పలవరించింది. పెంచింది మేంగాయే మరి. అమ్మగారు మాత్రం, "పోతూ పోతూ నా బిడ్డకు చేతబడి చేసింది" అని ఊరంతా చెప్పారు. పట్నాల్లో మంత్రగత్తెల విచారణలు అప్పటికే ఆగిపోయాయి. మా ఊరి పెద్దలు మాత్రం మేంగాను పట్టుకుపోయి చీకటి గదిలో పెట్టారు.

విచారణ చేసింది ఊరి న్యాయాధికారి లూట్సి గారు. నేను పనిచేసేది ఆయనింట్లోనే. విచారణ గదిలో పొయ్యి రాజేసే పని కూడా నాదే కాబట్టి అన్నీ నా చెవులతో విన్నాను.

నేసాను కుర్చీతో సహా మోసుకొచ్చి మేంగా ముందు దించారు.

"కాలు మీద చెయ్యేసి నయం చెయ్యి," అన్నారు లూట్సి గారు.

"వెయ్యనయ్యా."

"పిల్ల మీద జాలి లేదా నీకు?"

"ఉంది. అందుకే చెప్తున్నా, వైద్యుణ్ణి పిలిపించండి. నేను చెయ్యేశాక నయమైతే మంత్రగత్తెనంటారు. కాకపోతే మొండిదాన్నంటారు. ఎటైనా తాడు నాకే కదా."

తాడు నిజంగానే తెచ్చారు. చేతులు వెనక్కి కట్టి దూలానికి వేలాడదీశారు. కుడి భుజం కీలు తప్పింది. అరిచింది, ఏడ్చింది, ఒప్పుకోలేదు. రేపు మళ్లీ వేలాడదీస్తామన్నారు.

నీళ్లిచ్చే నెపంతో ఆమె దగ్గరికి వెళ్లాను. "ఏదో ఒకటి ఒప్పేసుకో అక్కా, ఈ నొప్పి తప్పుతుంది."

"ఒప్పుకుంటే తల పోతుందే పిచ్చిదానా. ఏడుపు ఆపి మనవాళ్లతో మాట్లాడు. ఇవాళ నేను. రేపు మీ ఇంట్లో పిల్లలకి దగ్గొస్తే నువ్వు."

ఆ సాయంత్రం ఊరి నీళ్లతొట్టి దగ్గర పనిమనుషులందరికీ అదే మాట చెప్పాను. భయపడనివాళ్లు లేరు. కానీ పిల్లలకు జబ్బు చెయ్యని ఇల్లు ఎక్కడుంది?

తెల్లారి పాలు పితికే వేళకు అందరం బాల్చీలు కొట్టాల్లోనే వదిలేసి విచారణ గదికి వెళ్లాం.

"ఏమే ఉర్షినా, ఇదేం గుంపు?" అన్నారు లూట్సి గారు నన్ను చూసి.

"నేసాకు ఒకసారి నేనూ పాలు కాచిచ్చానండి. నన్నూ పట్టుకోండి."

"నేను దానికి జడేశాను," అంది రొట్టెలవాడి పనిమనిషి ట్రీనా. "మాంచి బిగువుగా."

ఒకతె ఎత్తుకున్నానంది, ఇంకొకతె తిట్టానంది. బయట పొదుగులు సలిపి ఆవులు అరవసాగాయి. ఊరి నలుమూలల నుంచీ అవే అరుపులు. పెద్దల వరసలో కూర్చున్న రైతులు కుదురుగా ఉండలేకపోయారు.

"ముందు పోయి పాలు పితకండి," అన్నాడొకాయన.

"మంత్రగత్తెలు పితికిన పాలు తాగుతారా అయ్యా?" అంది ట్రీనా.

ఎవరో నవ్వారు. ఆ నవ్వుతో విచారణ పట్టు సడలింది. పెద్దలు గుసగుసలాడుకున్నారు. నేరం రుజువు కాలేదనీ, మేంగా మాత్రం లోయ విడిచి పోవాలనీ లూట్సి గారు తీర్పు చెప్పారు.

"పోతాననేగా నేను మొదట చెప్పింది," అంది మేంగా. "పట్టపగలు, పెద్దవీధిలోంచే పోతా."

అలాగే వెళ్లింది. దొరోతేయా అమ్మగారు తలుపేసుకున్నారు. నేసా కిటికీలోంచి చెయ్యూపింది.

వసంతానికి నేసా కాలు కొంత సాగింది, కుంటుతూ నడిచింది. అది ఎవరి పని అని ఎవరూ అడగలేదు. లూట్సి గారు నన్ను పనిలోంచి తీసేస్తే నేనూ కొండ దాటి మేంగా ఉన్న సత్రానికే చేరాను. ఆమె కుడిచెయ్యి ఇప్పటికీ భుజం దాటి లేవదు. పై అరలో గిన్నెలు నేనే దించాలి, ఆలస్యమైతే తిడుతుంది. రేపు పశువుల సంత. బార్లీ గంజి పెద్ద కుండ నిండా కాయాలట.