పేరున్న ఇటుక

మూడో రోజూ హ్వో షాన్ బట్టీ పైకెక్కి నీళ్లు పోస్తున్నాడు. మంట ఆర్పి మూసిన బట్టీ నెత్తిన ఏడు రోజులు నీళ్లు ఇంకితేనే ఇటుక నీలిబూడిద రంగుకు తిరిగి గట్టిపడుతుంది. తొందరపడితే లోపల ఎర్రగా, పెళుసుగా ఉండిపోతుంది. ఈ ముక్క చెప్పీ చెప్పీ అతని నోరు అరిగిపోయింది. యాభై రెండేళ్ల మనిషి. కాలిన కనుబొమలు మళ్లీ మొలవలేదు, కావడి మోసి మోసి కుడిభుజం కాయ కాసింది. అతనికి పేరంటూ ఉన్నది ఇటుకల మీదే. రాజధాని కోటగోడకు వెళ్లే ప్రతి ఇటుక అంచునా కాల్చినవాడి పేరు ముద్ర కొట్టాలని చక్రవర్తి ఆజ్ఞ. ఇటుక పగిలితే ఎవరి మెడ పట్టుకోవాలో తెలియాలి కదా.

కింద బావమరిది మియావ్ రెన్ పచ్చి ఇటుకలు పేరుస్తున్నాడు. అక్క పోయేనాటికి వాడికి ఏడేళ్లు. అప్పటినుంచీ హ్వో షానే పెంచాడు.

"దిగి గంజి తాగు బావా. చల్లారితే మళ్లీ నామీదే అరుస్తావు."

"నువ్వు కాచిన గంజి వేడిగా ఉన్నా ఒకటే, చల్లారినా ఒకటేరా."

మధ్యాహ్నం ఒక అధికారి, ఇద్దరు భటులు పడవ దిగి వచ్చారు. భటుడు తెచ్చిన రెండు ఇటుకలను ఒకదానికొకటి కొట్టాడు. ఖంగుమనాల్సినవి దబ్బుమని విరిగాయి. లోపలంతా ఎరుపే.

"ఇది నీ పేరేనా?"

హ్వో షాన్‌కు చదువు రాదు గానీ తన పేరు ఆకారం తెలుసు. "పేరు నాదేనయ్యా. ఇటుక నాది కాదు."

"చలికాలం చివరి పడవలో వచ్చింది. నువ్వు కాకపోతే ఎవరు కాల్చారు?"

ఆ పడవ వెళ్లేముందు పన్నెండు రోజులూ అతను జ్వరంతో మంచం దిగలేదు. 'నువ్వు పడుకో బావా, నేను చూసుకుంటా' అన్న రెన్, బావ ముద్ర కొట్టి, పడవ అందుకోవాలని రెండు రోజుల నీళ్లతోనే బట్టీ విప్పేశాడు. హ్వో షాన్‌కు అదంతా ఇప్పుడు అర్థమైంది. వాడే చెబుతాడని వాడివైపు చూశాడు.

రెన్ నేల చూస్తూ అన్నాడు. "బావే కాల్చాడయ్యా. జ్వరంలోనే లేచొచ్చాడు. వద్దన్నా వినలేదు."

హ్వో షాన్‌కు అబద్ధం కంటే, అందులో కలిపిన ఆ దొంగప్రేమకే ఎక్కువ మండింది. నీళ్లు మోసేవాళ్లు ఆరుగురు అక్కడే ఉన్నారు. అందరికీ నిజం తెలుసు. ఒక్కడూ తలెత్తలేదు.

"నా మొహం చూసి చెప్పరా."

రెన్ చూడలేదు.

"నమ్మించి గొంతు కోశావు," అన్నాడు హ్వో షాన్, మామూలు గొంతుతోనే.

భటులు అతని మెడకు ఖైదీల చెక్కపలక బిగించారు. సాక్ష్యానికి అతని పేరున్న చెక్కముద్ర కూడా తీసుకున్నారు. శిక్ష ఉత్తర సరిహద్దులో చాకిరీ. అక్కడికి పంపినవాళ్లెవరూ ఆ ఊరికి తిరిగి రాలేదు. పడవ ఎక్కేముందు అతను, "ఇంకా నాలుగు రోజులు నీళ్లు పొయ్యాలి," అన్నాడు. ఎవరితో అన్నాడో ఎవరూ అడగలేదు.

మర్నాడు ఇటుకలకు కొట్టడానికి ఇంకో ముద్ర ఉందేమోనని రెన్ బావ పక్కబట్టలు వెతికాడు. గుడ్డలో చుట్టిన ముద్ర ఒకటి దొరికింది. అందులో బావ పేరు ఆకారం లేదు. తనకూ చదువు రాదు కాబట్టి బట్టీ లెక్కలు రాసే గుమాస్తాకు చూపించాడు.

"నీ పేరేగా," అన్నాడు గుమాస్తా. "పోయిన నెల మీ బావే చెక్కించాడు. ఈ బట్టీ విప్పాక మంటపని నీకే అప్పగిస్తానన్నాడు."

చెక్క ఇంకా తెల్లగానే ఉంది. అక్షరాల గాడుల్లో ఎక్కడా మట్టి అంటలేదు.